ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్: రెండూ ఏళ్ల తరబడి నడిపాక

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉచితంగా దొరుకుతుంటే కంపెనీలు ఒరాకిల్ డేటాబేస్‌కి అంత డబ్బు ఎందుకు కడతాయని కొత్త డెవలపర్లు తరచూ అడుగుతారు. రెండిటినీ ప్రొడక్షన్‌లో చాలా ఏళ్లు నడిపిన డీబీఏగా (డేటాబేస్‌లు చూసుకునేవాడిగా) చెప్తున్నాను, వేగం కోసం మాత్రం కాదు. ఇండెక్సులు సరిగ్గా ఉంటే మామూలు బిజినెస్ అప్లికేషన్లకి పోస్ట్‌గ్రెస్ ఎందులోనూ తీసిపోదు.

ఆ డబ్బు ఏదైనా తేడా జరిగిన రోజు కోసం. ఎవరో ఏ వరుసలు మార్చాలో చెప్పే వేర్ క్లాజ్ మర్చిపోయి టేబుల్ మొత్తం మీద అప్‌డేట్ కొట్టి, కమిట్ చేసి దాన్ని ఖాయం కూడా చేశారనుకోండి. ఒరాకిల్‌లో అన్‌డూ డేటా, అంటే మార్పుకి ముందున్న పాత విలువలు, ఇంకా మిగిలుంటే, ఫ్లాష్‌బ్యాక్‌తో పావుగంట క్రితం ఆ టేబుల్ ఎలా ఉందో చూసి వెనక్కి తెచ్చుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో అదే పనికి బ్యాకప్‌ని వేరే సర్వర్ మీద రీస్టోర్ చేసి, ప్రతి మార్పునీ రాసుకునే వాల్ (WAL) లాగ్ ఫైళ్లని ఆ తప్పు జరగడానికి ముందు నిమిషం దాకా నడిపించి, అక్కడి నుంచి డేటా ఏరుకోవాలి. పని అవుతుంది, కానీ అయ్యేదాకా ఒకటే టెన్షన్. రాత్రి సిస్టమ్ ఎందుకు నెమ్మదించిందో పొద్దున్నే చూపించే ఒరాకిల్ ఏడబ్ల్యూఆర్ రిపోర్ట్ కూడా అలాంటి రోజు ఆదుకునేదే. పోస్ట్‌గ్రెస్ వైపు పనిచేసేటప్పుడు నాకు బాగా లోటనిపించేది అదే.

చాలాచోట్ల అసలు ఎంచుకునే వీలే ఉండదు. ఎస్‌ఏపీ వారి బిజినెస్ సాఫ్ట్‌వేర్ ఎస్/4హానా, వాళ్ల సొంత డేటాబేస్ హానా మీద తప్ప నడవదు. ఒరాకిల్ సొంత భాష పీఎల్/ఎస్‌క్యూఎల్‌లో రాసిన పాత ప్యాకేజీలు (ఒకచోట కట్టిపెట్టిన ప్రోగ్రాములు) వేల లైన్లు ఉన్నచోట ఒరాకిల్ నుంచి కదలడం ఇంకా కష్టం. పోస్ట్‌గ్రెస్‌లో ప్యాకేజీలే లేవు. పైగా ఖాళీ స్ట్రింగ్‌ని ఒరాకిల్ నల్‌గా, అంటే అసలు విలువే లేనట్టుగా చూస్తుంది, పోస్ట్‌గ్రెస్ చూడదు. ఈ ఒక్క తేడా చాలు, టెస్టింగ్‌లో ఎవరికీ అంతుపట్టని బగ్గులు పుట్టడానికి.

ఒరాకిల్ ధర విషయంలో మాత్రం నాకు సర్దుకోవడం కష్టం. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ లిస్ట్ ధర ప్రాసెసర్‌కి 47,500 డాలర్లు, దానిమీద ఏటా సపోర్ట్ 22 శాతం. డిస్కౌంట్లు ఉంటాయి కానీ నేను పొగిడిన ఏడబ్ల్యూఆర్‌కి మళ్లీ విడిగా డయాగ్నస్టిక్స్ ప్యాక్ కొనాలి. పెద్ద టేబుల్‌ని ముక్కలుగా విడగొట్టే పార్టిషనింగ్‌కీ అంతే, విడిగా కొనాలి. అదే పోస్ట్‌గ్రెస్‌లో డిక్లరేటివ్ పార్టిషనింగ్ 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచే ఉంది, పైసా అదనంగా కట్టకుండా.

కొత్త సిస్టమ్ అయితే ఇప్పుడు నేను పోస్ట్‌గ్రెస్సే పెట్టమంటాను, సపోర్ట్ కూడా ఏదో ఒక కంపెనీ దగ్గర డబ్బు కట్టి తీసుకోమంటాను. ఒక సర్వర్ పడిపోతే ఇంకోదానికి మార్చే (ఫెయిలోవర్) పాట్రోనీ టూల్, పనికిరాని పాత వరుసల్ని ఊడ్చే ఆటోవాక్యూమ్, బ్యాకప్‌లు, వీటన్నిటినీ రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండే మనుషులు కనీసం ఇద్దరైనా లేనిచోట ఆ మాట చెప్పను.