మోకాళ్ల పీట: ఆరు వారాల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తాను, ఐదు నక్షత్రాలకు మూడు ఇస్తున్నాను. ఒకటి కొలతల వల్ల పోయింది, ఒకటి కిర్రు చప్పుడు వల్ల. రెండోదాన్ని కోయడం న్యాయమో కాదో నాకే ఇంకా తేలలేదు.

నేను ఐటీఐలో 29 ఏళ్లు వడ్రంగం నేర్పి రిటైరయ్యాను. సొంత ఊరు ఒంగోలు. ఇప్పుడు బెంగళూరులో కుందలహళ్లి వైపు, పెద్దవాడి ఫ్లాటులో ఏడో అంతస్తులో ఉంటున్నాం. కుర్చీ కనబడితే తిరగేసి అడుగుభాగం చూసే అలవాటు నాది. కాబట్టి ఈ సమీక్షలో చెక్క గురించి కాస్త ఎక్కువే ఉంటుంది, ఓపిక పట్టండి.

వస్తువు ఏమిటంటే, మోకరించి ప్రార్థన చేసుకునే పీట. కింద మోకాళ్లు ఆనడానికి మెత్త, ముందు రెండు నిలువు కాళ్లు, వాటి పైన మోచేతులు ఆనించుకోవడానికి, బైబిలు పెట్టుకోవడానికి వాలుగా ఒక పలక. ఫ్రెంచివాళ్లు దీన్ని ప్రీ-దియు అంటారు, దేవుణ్ణి ప్రార్థించు అని అర్థం. రోమన్ కాథలిక్కుల ఇళ్లలో, గుళ్లలో ఇది పాత వస్తువే. మా బాప్టిస్టుల ఇళ్లలో ఎప్పుడూ చూడలేదు. మాకు చాప ఉండేది. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు చాపల మీద కూర్చోవడం, ప్రార్థన అనగానే అక్కడే మోకాళ్లూనడం. సిమెంటు నేల గరుకు చాపలోంచి కూడా తెలిసేది.

మా ఆవిడకు 61 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయి. నేల మీద కూర్చోవద్దు, మోకాలి చిప్ప మీద బరువు వేయొద్దు అని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. ఆమె తలూపి వచ్చింది. మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు ఎప్పటిలాగే వంటగది వెనుక వాషింగ్ మెషీను ఉండే చిన్న గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని టైల్సు మీద మోకరించింది. ప్రార్థన ముగిశాక లేవలేక మెషీను పట్టుకుంది. మెషీను కదిలింది. పడలేదు, అంతవరకు నయం.

మా సంఘం పాస్టరు అయ్యగారికి చెప్పాను. ఆయన మంచివాడు, చదువుకున్నవాడు. ఇంటికి వచ్చి నెమ్మదిగా చెప్పారు: "అమ్మా, కుర్చీలో కూర్చుని చేసుకోండి. రెండవ సమూయేలు ఏడో అధ్యాయంలో దావీదు దేవుని సన్నిధిలో కూర్చునే ప్రార్థించాడు. యేసు చెప్పిన కథలో పన్నులు వసూలు చేసే సుంకరి నిలబడి చేశాడు. హిజ్కియా మంచం మీద పడుకుని గోడవైపు తిరిగి చేశాడు, దేవుడు విని 15 ఏళ్లు ఆయుష్షు పెంచాడు. ఆయన చూసేది హృదయాన్ని గాని మోకాళ్లను కాదు."

ఆమె అంతా విని, కాఫీ ఇచ్చి, ఆయన వెళ్లాక నాతో అంది: "దావీదు రాజు కాబట్టి కూర్చున్నాడు. నేను రాణినా?"

నేను వాదించాను. మంచం పట్టినప్పుడు హిజ్కియా సంగతి చూద్దాం అంది. ఆ తర్వాత ఒంగోలు కొండ తీసుకొచ్చింది. ఈ విషయంలో ఆమెను ఎవరూ గెలవలేరు, అక్కడే పుట్టి పెరిగింది కనుక. నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషను మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరుగుతున్న రోజులవి. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషనులో పనిచేసే జూయెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఆ కొండెక్కి, ఈ ప్రాంతానికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. అలా అడిగిన మిషనరీగా క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ లెక్కలన్నీ ఆమె నోటి మీదే ఉంటాయి. "ఆ కొండ మీద రాళ్లే గదా. అయిదుగురిలో ఎవరికైనా దిండు ఉందా?" అని అడిగింది. ఎవరు మోకరించారో, ఎవరు నిలబడ్డారో నీకేం తెలుసు అన్నాను. చూసిన చూపుకు మిగతా వాదన మింగేశాను.

చివరికి అసలు మాట ఒక రాత్రి చెప్పింది. "కుర్చీలో కూర్చుంటే ఎవరితోనో కబుర్లు చెబుతున్నట్టు ఉంటుందండీ. అడుగుతున్నట్టు ఉండదు."

దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే పీట కొన్నాను.

ధర 6,490 రూపాయలు. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే తొమ్మిది రోజులకు వచ్చింది. విడిభాగాలుగా వస్తుంది, మనమే బిగించుకోవాలి. స్క్రూలు పన్నెండు అని కాగితంలో ఉంది, సంచిలో పదకొండే ఉన్నాయి. అలెన్ కీ రెండు ఇచ్చారు. స్క్రూ తగ్గించి కీ పెంచడం ఏ లెక్కో.

చెక్క విషయంలో మోసం లేదు. రబ్బరు చెక్క అన్నారు, రబ్బరు చెక్కే. బాగా ఆరబెట్టిందే, పగుళ్లు లేవు, గరుకు కాగితం పట్టించడంలో పిసినారితనం చేయలేదు. పాలిష్ కాస్త పలుచన. అతుకులే నాసిరకం. నా విద్యార్థి ఎవరైనా ఇలా చేసి ఉంటే మళ్లీ చేయించేవాణ్ణి. బరువు మోసే చోట చెక్కను చెక్కలోకి దింపి టెనన్ జాయింటు వేయాలి. వీళ్లు రెండు చెక్క పుల్లలు, ఒక స్క్రూతో సరిపెట్టారు. పుస్తకాల అరకైతే చాలు. మనిషి ముందుకు వాలే వస్తువుకు చాలదు.

మెత్త మాత్రం బాగుంది. నాలుగు అంగుళాల వెడల్పు ఉంటుందనుకున్నాను, ఏడు ఉంది. అందువల్ల బరువంతా చిప్ప మీద పడకుండా కొంత కింది ఎముక మీదికి, కొంత మోచేతుల మీదికి పోతుంది. నొక్కితే అడుగు తగలదు. ఆరు వారాలకు కూడా గుంట పడలేదు. పైన రెక్సిను తొడుగు వేశారు. బెంగళూరు డిసెంబరు తెల్లవారుజామున చల్లగా తగులుతుంది, మా ఆవిడ పాత నూలుచీర ముక్క మడిచి వేసుకుంది.

ఇక కొలతలు. మెత్త నుంచి మోచేతి పలక దాకా 27 అంగుళాలు. ఎవరి ఒంటికి లెక్క వేశారో తెలియదు, మా ఆవిడకు కాదు. ఆమె అయిదడుగుల అంగుళం. మొదటి రోజు మోకరిస్తే భుజాలు చెవుల దగ్గరికి వచ్చాయి, కిటికీలోంచి తొంగి చూస్తున్న పిల్లలా ఉంది. నవ్వాను. తిట్టింది. పై పలక ఊడదీసి, రెండు కాళ్లూ పైనుంచి అయిదేసి అంగుళాలు కోసి, మళ్లీ బిగించాను. ఇప్పుడు 22 ఉంది. రంపం పట్టడం రానివాళ్లు ఏం చేయాలి? పొట్టివాళ్లు ప్రార్థన చేసుకోరా? ఒక నక్షత్రం ఇక్కడ పోయింది.

మెచ్చుకోవాల్సింది ఒకటి ఉంది. వీళ్ల ప్రకటనలో దాని ఊసే లేదు. అరిగిన మోకాళ్లకు దిగడం కంటే లేవడం కష్టం. ఈ పీటకు పలక అంచు గుండ్రంగా ఉండి పట్టు దొరుకుతుంది. రెండు చేతులూ అక్కడ ఊని, ఒక పాదం ముందుకు తెచ్చి, తనంతట తానే లేస్తోంది. ఆరు వారాల్లో నన్ను ఒక్కసారీ పిలవలేదు. ఆపరేషను అయి కృత్రిమ కీలు వేయించుకున్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా కొనవద్దు.

రెండో నక్షత్రం కిర్రు చప్పుడుకు పోయింది. కొన్న వారానికే మొదలైంది. ఆ పుల్లల అతుకు వదులై, ముందుకు వాలినప్పుడల్లా కుడి కాలు కిర్రుమనేది. నాలుగున్నరకు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది గదా, ఏడో అంతస్తులో బెళ్లందూరు వైపు వెళ్లే లారీల మోత కూడా ఉండదు. మా పడకగదికీ ఆ చిన్న గదికీ మధ్య ఒక్క గోడే. నాకు మెలకువ వచ్చేది.

మొదట విసుగు. తర్వాత అందులో ఒక వరుస ఉందని గమనించాను. ఆమె పెద్దగా ప్రార్థించదు. బైబిల్లో హన్నాలాగా పెదవులు కదులుతాయి, సణుగుడు మాత్రమే వినిపిస్తుంది. ముందు స్తోత్రాలు, అప్పుడు పీట కదలదు. తర్వాత సంఘంలో జబ్బుపడ్డవాళ్లు, స్త్రీల సమాజంవాళ్లు, ఊళ్లో అన్నదమ్ములు, పెద్దవాడి కుటుంబం. ఇదంతా ఒక నోటుపుస్తకంలో ఉంటుంది, పేరు పేరునా చదువుతుంది. చిట్టచివర చిన్నవాడు. వాడి దగ్గరికి రాగానే పీట కిర్రుమనేది. బరువంతా ముందుకు వేసి నుదురు పలక మీద పెడుతుందన్నమాట. ఒక్కోరోజు ఒకసారి, ఒక్కోరోజు ఏడెనిమిదిసార్లు.

చిన్నవాడు పుణెలో ఉంటాడు. ఆదివారం సాయంత్రం తల్లికి ఫోను చేస్తాడు. నాతో మాట్లాడి నాలుగేళ్లయింది. తప్పు ఎవరిదన్నది ఈ పీటకు సంబంధించిన విషయం కాదు.

కిర్రు చప్పుడు బాగుచేయడం నాకు పదిహేను నిమిషాల పని. అయినా మూడు వారాలు చేయలేదు. మనవడు లేస్తున్నాడని కోడలు మర్యాదగా ఒకటికి రెండుసార్లు అన్నాక, ఒక శనివారం అతుకు విప్పి, పుల్లలకు కొవ్వొత్తి మైనం రుద్ది, లేని పన్నెండో స్క్రూ కొనుక్కొచ్చి బిగించాను. పని శుభ్రంగా కుదిరింది. వడ్రంగి పని బాగా చేస్తే చప్పుడు ఉండకూడదు.

మంగళవారం నాలుగున్నరకు నాకు అలవాటుగా మెలకువ వచ్చింది. చప్పుడు లేదు. అయిదవుతున్నా లేదు. బాగుచేసింది నేనే అని తెలుసు, అయినా పడిపోయిందేమో అని లేచాను. తలుపు తీశాను. పెళ్లయిన 37 ఏళ్లలో ఆ సమయంలో ఆమె వేసుకున్న తలుపు నేను తీయడం అదే మొదలు. నుదురు పలక మీద ఉంది, భుజాలు కదులుతున్నాయి. నోటుపుస్తకం మూసి ఉంది. అంటే పేర్లన్నీ అయిపోయాయి, ఒక్కటి మిగిలింది. మాటలు లేవు. తలుపు చప్పుడుకు తిరిగి చూడలేదు.

వెనక్కి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు.

ఇక్కడ బయటపడింది మూడో లోపం, దీనికి నక్షత్రం కోయలేదు గాని చెప్పాలి. పీట వెడల్పు 20 అంగుళాలు. ఒక్కరికే చోటు. కాథలిక్కుల గుళ్లలో బల్ల వెనుక పొడవాటి పలక ఉంటుంది, దించితే వరుస అంతా ఒకేసారి మోకరించవచ్చు. పెళ్లిలో వధూవరులకు ఇద్దరు పట్టే పీట వేయడం కూడా ఉంది. ఈ తయారీదారుల దగ్గర ఆ రకం లేదు, అడిగాను. మా ఆవిడ కాస్త పక్కకు జరిగింది గాని జరగడానికి ఏముంది, మోచేయి పలక బయటికి వచ్చింది. నేను వాషింగ్ మెషీను మీదున్న దుప్పటి మడిచి టైల్సు మీద వేసుకుని మోకరించాను. మూడు నిమిషాలకే కాళ్లు తిమ్మిరెక్కాయి. ఏం ప్రార్థించాలో తెలియక చిన్నవాడి పేరు అన్నాను, అంతే. లేచేటప్పుడు ఆమె పీట పట్టుకునే లేవాల్సి వచ్చింది. నా బరువు 78 కిలోలు. కుడి అతుకు కదల్లేదు, ఆ మాట కొనేవాళ్లకు పనికొస్తుంది.

కొనవచ్చా అంటే, ఒక్కరికైతే, ఎత్తు అయిదడుగుల ఎనిమిది దాటితే, కొనండి. పొట్టివాళ్లు ఇంటికి వడ్రంగిని పిలిపించుకునే వీలుంటేనే కొనండి. కొన్నరోజే అతుకుల్లో జిగురు వేసి బిగించండి, ఒక రాత్రి ఆరనివ్వండి. స్క్రూలు లెక్కపెట్టుకోండి.

మేము రెండోది కొనడం లేదు. కుందలహళ్లి నుంచి మైసూరు రోడ్డు దాకా ఇప్పుడు మెట్రోలో ఊదారంగు లైను మీద బండి మారకుండా వెళ్లవచ్చు. మొన్న బుధవారం వెళ్లి అక్కడి టింబరు యార్డులో టేకు చూశాను. వెడల్పు 44 అంగుళాలు, పలక మందం అంగుళం, అతుకులన్నీ టెనన్ జాయింట్లే, అవి నేనే చేస్తాను. కోసే కుర్రాడు తెలుగువాడే, కుప్పం వైపు నుంచి వచ్చాడట. నన్ను పైనుంచి కిందకు చూసి, "ఎత్తు ఎంత పెట్టమంటారు సార్, మీ కొలతకు 25 కావాలి గదా?" అన్నాడు.

22 రాసుకోమన్నాను.