అడవి చెట్ల పుఅర్ టీ కోసం యునాన్ కొండల్లో: ఎక్కడ ఉండాలి, ఎక్కడ కొనాలి

పుఅర్ అంటే నైరుతి చైనాలోని యునాన్ కొండల్లో పండే టీ, ఆకును బిళ్ళలుగా నొక్కి ఏళ్ళ తరబడి ముదరనిస్తారు. దాని కోసం షిష్వాంగ్‌బన్నా స్టేషన్‌లో దిగి జింగ్‌హాంగ్ ఊళ్ళోకి వస్తుంటే వరసగా టీ దుకాణాలే. ఫోన్ పైకెత్తి బోర్డులు అనువాదం చేసుకుంటూ పోతే ప్రతిదాని మీదా 'అడవి చెట్టు', 'వెయ్యేళ్ళ చెట్టు'. ఈ కొండల్లో మామూలు టీ మొక్క అనేదే లేదేమో అనుకోవాలి. తిరిగి, తాగి చూశాక నాకు తేలింది ఒకటే: ఆ మాట ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటే లోపలి టీ అంత సాదాసీదాగా ఉంది.

ప్రయాణం గురించి ముందే చెప్పేస్తాను. 2025 అక్టోబరులో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు ఇండిగో విమానం మళ్ళీ మొదలైంది కాబట్టి మనవాళ్ళకు ఇప్పుడు దారి సులువు. అక్కడి నుంచి యునాన్ రాజధాని కున్‌మింగ్, కున్‌మింగ్ నుంచి రైలు. 2021 డిసెంబరులో తెరిచిన చైనా–లావోస్ లైను ఇది. మూడున్నర గంటలు, అటూ ఇటూగా. కిటికీ సీటు కోసం తాపత్రయపడకండి, దారిలో సగానికి పైగా సొరంగాలే. మీ వీసా కార్డు లేదా మాస్టర్‌కార్డును అలీపే అనే చైనా చెల్లింపుల యాప్‌లో ఇంటి దగ్గరే ఎక్కించుకోండి. కొండ మీద కూరగాయలమ్మే అవ్వ దగ్గర కూడా క్యూఆర్ కోడే ఉంటుంది, చిల్లర ఉండదు.

జింగ్‌హాంగ్ నాకు నచ్చలేదు. రాత్రి బజారు దీపాలతో వెలిగిపోతుంది, ఫొటోలకు బాగుంటుంది, అంతే. ఏప్రిల్ మధ్యలో ఇక్కడి దాయ్ తెగ ప్రజల నీళ్ళ పండుగ వస్తుంది. ఆ వారం గదుల అద్దె ఎక్కడికో వెళ్ళిపోతుంది. చిక్కేమిటంటే వసంతకాలపు ఆకు కోసేదీ మార్చి, ఏప్రిల్ నెలల్లోనే. అందుకే మార్చి చివర్లో వెళ్ళి పండుగకు ముందే కొండ దిగడం మేలు.

ఇక అడవి చెట్ల సంగతి. ఇక్కడ మూడు రకాలున్నాయి. వరసల్లో నాటి, కత్తిరించి పెంచేవి తైది. ఊరివాళ్ళ తాతముత్తాతలు చెట్ల నీడలో నాటి, పెద్దవి కానిచ్చినవి గుషు. ఎవరూ నాటకుండా అడవిలో తమంత తాము మొలిచినవి యెషెంగ్, అంటే అసలైన అడవి చెట్లు. దుకాణంలో 'అడవి' అని అమ్మేది చాలావరకు రెండో రకం, కొన్నిచోట్ల మొదటిదే. 2023 మార్చి 1 నుంచి యునాన్‌లో పాత టీ చెట్లను కాపాడే చట్టం అమల్లో ఉంది. అడవిలో పుట్టినవి, మనిషి నాటినవైతే వందేళ్ళు దాటినవి దాని కిందికి వస్తాయి. 1,700 ఏళ్ళదని చెప్పుకునే బాదా కొండ చెట్టు 2012లో కూలిపోయాక ఈ విషయంలో పట్టింపు పెరిగిందని అక్కడివాళ్ళ మాట. అసలైన అడవి జాతి ఆకును పోల్చుకోవడానికి ఒక గుర్తుంది: మొగ్గ నున్నగా ఉంటుంది, తెల్లటి నూగు కనిపించదు. మామూలు పుఅర్ మొగ్గ మీద ఆ నూగు స్పష్టంగా తెలుస్తుంది. మామూలు పుఅర్ అంటే వేరే ఏదో కాదు, మన అస్సాం టీ జాతే.

మెంగ్‌హాయ్ పట్టణం కొనుగోళ్ళకు మంచిది, ఉండడానికి కాదు. ఒక అతిథిగృహంలో డబ్బు కట్టించుకుని, రాత్రి పదిగంటలకు విదేశీ పాస్‌పోర్టు నమోదు చేయడం తమకు రాదంటూ బయటికి పంపారు. కాబట్టి గది తీసుకునేటప్పుడే ఆ ప్రశ్న రాతపూర్వకంగా అడగండి. టీ బజారులో మాత్రం బేరం, రుచి రెండూ తీరిగ్గా సాగుతాయి. ఎవరూ కొనమని తరమరు. కూర్చోబెట్టి గంటసేపు పోస్తూనే ఉంటారు.

అక్కడి నుంచి అద్దె కారులో లావో బన్‌జాంగ్ వెళ్ళాను. పుఅర్ లోకంలో అన్నింటికన్నా ఖరీదైన పేర్లలో ఇదొకటి. బయటి ఆకు లోపలికి రాకుండా ఊరి ముఖద్వారం దగ్గరే బళ్ళు తనిఖీ చేస్తారు. లోపల మూడంతస్తుల ఇళ్ళు, పెద్ద పెద్ద కార్లు. టీ గొప్పదే: మొదటి గుక్కలో చేదు నాలుకను పట్టేస్తుంది, క్షణంలో విడిచి గొంతంతా తీపి చేస్తుంది. ఉసిరికాయ నమిలి మంచినీళ్ళు తాగినప్పటి తీపే అది, ఇంకాస్త లోతుగా, ఇంకాస్త సేపు. కానీ ఇక్కడి వసంతపు ఆకు కిలో వేల యువాన్లు. కిలో ఐదువేలనుకున్నా 357 గ్రాముల బిళ్ళకు ఆకు ఖర్చే 1,785 యువాన్లు. జింగ్‌హాంగ్‌లో రెండువందలకు 'బన్‌జాంగ్' ఇస్తానన్నవాడు ఏమిస్తున్నాడో మీరే లెక్క వేసుకోండి. చూడ్డానికి వెళ్ళండి, తాగండి, కొనకుండా వచ్చేయండి.

నా ఓటు జింగ్‌మాయ్ కొండకు. ఇక్కడి పాత టీ అడవులకు 2023 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. హుయ్‌మిన్ నుంచి పైకెక్కాక వెంగ్‌జీ అనే ఊళ్ళో బ్లాంగ్ తెగ కుటుంబం నడిపే చెక్క ఇంట్లో గది తీసుకున్నాను. పరుపు గట్టిది, వేడినీళ్ళు సాయంత్రానికి సన్నబడతాయి, గోడల గుండా పక్కగది గురక వినిపిస్తుంది. అయినా మళ్ళీ అక్కడే దిగుతాను. బ్లాంగ్ ఇళ్ళ పైకప్పు కొసన చెక్కతో చేసిన ఒక మొగ్గ, రెండు ఆకులు ఉంటాయి. దాయ్ ఇళ్ళ మీదైతే అదే చోట గేదెకొమ్ములు. భోజనంలో నిమ్మగడ్డి వేసి కాల్చిన చేప, జిగట అన్నం, పులిసిన వెదురు కొమ్ములు: కారం మన నాలుకకు సరిపోతుంది. శాకాహారులకు మాత్రం కష్టం, ఆకుకూరలోనూ పంది కొవ్వు పడుతుంది. ముందే చెప్పుకోవాలి.

తోటంటే వరసలు కాదు, అడవే. పెద్ద చెట్ల కింద, పాచి పట్టిన కొమ్మలతో టీ చెట్లు. మధ్యాహ్నానికి ఆకు ఇంటికొస్తుంది. ఇంటావిడ కట్టెల పొయ్యి మీద వాలుగా అమర్చిన పెద్ద మూకుడులో దాన్ని చేతులతో ఎగరేసి ఎగరేసి వేయించింది. పచ్చివాసన పోయి, కాడను వంచితే విరగకుండా మెత్తగా వంగేదాకా వేయిస్తారు. తర్వాత చాప మీద నలిపి, ఎండలో ఆరబెడతారు. ఈ ఎండబెట్టడమే కీలకం. ఎక్కువ వేడికి పూర్తిగా చంపేయకుండా వదిలిన ఆకే తర్వాత ఏళ్ళ తరబడి మారుతూ ఉంటుంది. గ్రీన్ టీకీ దీనికీ తేడా అక్కడే. ఆరిన ఆకును ఆవిరి పట్టి, రాతి అచ్చులో నొక్కితే బిళ్ళ.

కొనేముందు రుచి చూసే పద్ధతి ఒకటి పాటించండి. ఖాళీ కడుపుతో కూర్చోవద్దు, కొత్త పచ్చి పుఅర్, అంటే ఇలా ఎండబెట్టి నొక్కిన, ఇంకా ముదరని టీ, కళ్ళు తిప్పుతుంది. మూత ఉన్న చిన్న పింగాణీ గిన్నెలో ఏడు గ్రాములు, మరిగే నీళ్ళు, మొదటి నీళ్ళు పారబోయడం, ఆపైన పది సెకన్ల చొప్పున. మొదటి మూడు కప్పులూ ఎవరైనా మెప్పిస్తారు. ఆరో కప్పు, ఎనిమిదో కప్పు అడగండి. పాత చెట్టు ఆకైతే అప్పటికీ నిలుస్తుంది, తైది ఆకు నీరుకారిపోతుంది. జింగ్‌మాయ్ టీలో చేదు కంటే వగరు ఎక్కువ, ఖాళీ కప్పులో పూలవాసన. కొండ మీద, పదిహేనువందల మీటర్ల ఎత్తులో నీళ్ళు దాదాపు 95 డిగ్రీలకే మరుగుతాయి. అదే ఆకు విశాఖలో మా ఇంట్లో నూరు డిగ్రీల నీళ్ళలో మరీ ఘాటుగా దిగింది. నానబెట్టే సమయం సగానికి తగ్గిస్తే సర్దుకుంది.

దాచడం గురించి చాలామంది అడుగుతారు. గాలిలో తేమ 60 నుంచి 70 శాతం ఉంటే టీ హాయిగా ముదురుతుంది. హాంకాంగ్ తేమలో త్వరగా, కున్‌మింగ్ పొడిగాలిలో నెమ్మదిగా. విశాఖ వానాకాలంలో బూజు భయం ఉంది కాబట్టి అట్టపెట్టెలో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టి, పెట్టెను గోడకూ నేలకూ ఎడంగా ఉంచాను. హైదరాబాదు వేసవిలో సమస్య దీనికి తలకిందులు, బిళ్ళ ఎండి ఉన్నచోటే ఆగిపోతుంది. మూత బిగించిన జాడీ మేలు. ఎక్కడైనా సరే పోపు వాసన, ఇంగువ, అగరొత్తులు తగలని చోటు కావాలి. పూజగది పక్క అలమర అసలు పనికిరాదు.

వెదురు పొరలో చుట్టిన ఏడు బిళ్ళల కట్ట కొనమని, పదేళ్ళలో ధర ఎన్నో రెట్లవుతుందని ప్రతి దుకాణంలోనూ చెబుతారు. 2007లో పుఅర్ ధరలు ఆకాశానికెక్కి అదే ఏడాది కుప్పకూలినప్పుడు మునిగినవాళ్ళూ ఆ లెక్కే వేసుకున్నారు. నేను జింగ్‌మాయ్‌లో రెండు బిళ్ళలు తెచ్చుకున్నాను: ఒకటి ఇప్పుడు తాగడానికి, ఇంకొకటి దాచడానికి.