పాత రెజ్లింగ్ షోల ఆర్కైవ్: తెర వెనక జీతాల గొడవలు ఇందులో ఎంతవరకు దొరుకుతాయి?

డబ్ల్యూడబ్ల్యూఈ పాత షోల ఆర్కైవ్‌ని కొన్నేళ్ళుగా వదలకుండా చూస్తున్నాను. మన దేశంలోకి డబ్ల్యూడబ్ల్యూఈ నెట్‌వర్క్ అనే స్ట్రీమింగ్ సేవగా 2015 నవంబరులో వచ్చింది, తర్వాత సోనీ లివ్‌లోకి మారింది, 2025 ఏప్రిల్ నుంచి ఇక్కడ డబ్ల్యూడబ్ల్యూఈ అంటే నెట్‌ఫ్లిక్స్. నేను చూసేది పోటీల కోసం తక్కువ, డబ్బు గొడవల కోసం ఎక్కువ. ఎవరు ఏ కంపెనీ ఎందుకు వదిలారు, బెల్టు చేతిలో ఉండగానే బయటికెలా నడిచారు, ఇస్తామన్నదెంత, ఇచ్చిందెంత... ఈ సంగతులు పట్టే వాళ్ళ కోసమే రాస్తున్నాను. మంచి మ్యాచ్‌ల జాబితా కావాలనుకునేవాళ్ళకి ఇక్కడేమీ దొరకదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక గొడవ రింగులో ఎలా బయటపడిందో చూడాలంటే దీన్ని మించిన చోటు లేదు. ఆ గొడవ ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి మాత్రం ఇదొక్కటే చాలదు. ఎందుకంటే ఈ టేపులన్నీ ఇప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ ఒక్కరి చేతిలోనే ఉన్నాయి. 2001 మార్చిలో పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూని కొన్నప్పుడు దాని టేపులూ వచ్చాయి. అంతకుముందే చితికిపోయిన ఏడబ్ల్యూఏ అనే ఇంకో రెజ్లింగ్ కంపెనీ టేపులు కూడా తర్వాత వీళ్ళే కొన్నారు. అంటే దాదాపు ప్రతి జీతం గొడవలోనూ ఒక పక్షంగా ఉన్నవాళ్ళే ఈరోజు సాక్ష్యాన్ని భద్రపరుస్తున్నారు. భద్రపరిచినందుకు వాళ్ళకి నిజంగా కృతజ్ఞతలు. కానీ చూసేవాళ్ళు ఈ విషయం మనసులో పెట్టుకుని చూడాలి.

1991 వేసవిని తీసుకోండి. నాకు ఈ ఆర్కైవ్ విలువ తెలిసింది అక్కడే. రిక్ ఫ్లేర్ అప్పుడు డబ్ల్యూసీడబ్ల్యూ చాంపియన్. అక్కడి పెద్ద జిమ్ హెర్డ్ అతని జీతం తగ్గించాలన్నాడు, వేషం కూడా మార్చుకోమన్నాడు. మాట కుదరలేదు, జూలైలో ఫ్లేర్‌ని తీసేశారు. పాత ఎన్‌డబ్ల్యూఏ (ప్రాంతీయ రెజ్లింగ్ కంపెనీల కూటమి) పద్ధతిలో చాంపియన్ అయినవాడు బెల్టు కోసం 25,000 డాలర్లు డిపాజిట్ కట్టాలి. ఫ్లేర్ కట్టాడు. ఆ డబ్బు, దాని వడ్డీ తిరిగి ఇవ్వలేదు కాబట్టి బెల్టు తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇంత నేపథ్యం తెలుసుకున్నాక జూలై 14న బాల్టిమోర్‌లో జరిగిన గ్రేట్ అమెరికన్ బాష్ పెట్టండి. ఖాళీ అయిన టైటిల్ కోసం లెక్స్ లూగర్, బ్యారీ విండమ్ బోనులో తలపడుతుంటే జనం ఫ్లేర్ కావాలని గొంతు చించుకుంటున్నారు. గెలిచినవాడికి ఇవ్వడానికి అసలు బెల్టు లేదు. పాత బెల్టు ఒకటి వెతికి, దాని మీద ప్లేటు బిగించి ఇచ్చారు.

తర్వాత అదే ఏడాది డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (డబ్ల్యూడబ్ల్యూఈ అప్పటి పేరు) షోలకి వెళ్ళండి. మేనేజర్ పాత్ర వేసే బాబీ హీనన్ ఆ బంగారు బెల్టు పట్టుకుని టీవీలో కనిపిస్తాడు. ఫ్లేర్ వస్తాడు, తనే అసలైన ప్రపంచ చాంపియన్ అంటాడు. డబ్ల్యూసీడబ్ల్యూ కోర్టుకెక్కింది. దాంతో కొన్ని వారాలకి తెర మీద బెల్టు ఉండాల్సిన చోట గళ్ళు గళ్ళుగా మసక కనిపిస్తుంది. పాత కంపెనీ టేపు, కొత్త కంపెనీ టేపు, రెండూ ఒకే చోట దొరకడం వల్లే 25,000 డాలర్ల డిపాజిట్ ఒకటి రెండు కంపెనీల టీవీని ఎలా మార్చేసిందో వారం వారం చూడగలుగుతున్నాం. ఏ పుస్తకం చదివినా ఈ అనుభవం రాదు. ఆ వరసలోనే 1992 రాయల్ రంబుల్ (ఒకరి తర్వాత ఒకరుగా రింగులోకి వచ్చే పోటీ) చూస్తే, మూడో నంబరుగా వచ్చిన ఫ్లేర్ దాదాపు గంట నిలబడి టైటిల్ గెలిచినప్పుడు మైకులో ఎందుకంత ఉప్పొంగిపోయాడో అర్థమవుతుంది.

అదే వేసవిలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో అల్టిమేట్ వారియర్ గొడవ. ఇక్కడ ఆర్కైవ్ లోటు కూడా తెలుస్తుంది. సమ్మర్‌స్లామ్, 1991 ఆగస్టు 26, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. హల్క్ హోగన్, వారియర్ ఒక జట్టు. చివర్లో వారియర్ కుర్చీ ఎత్తుకుని ఇద్దరు ప్రత్యర్థుల్ని తరుముతూ తెర వెనక్కి పోతాడు. మళ్ళీ రింగులోకి రాడు. గెలుపు సంబరమంతా హోగన్‌దే. తెర మీద కనిపించేది ఇంతే. అంతకుముందు జూలైలో వారియర్ కంపెనీ యజమాని విన్స్ మెక్‌మాన్‌కి ఉత్తరం రాశాడు. ఆ ఏడాది జరిగిన పెద్ద షో రెజిల్‌మేనియా 7కి 5,50,000 డాలర్లు కావాలన్నాడు, హోగన్‌కిచ్చేదానికి తక్కువ కాకూడదన్నాడు. విన్స్ సరేనని జవాబు రాశాడు. వారియర్ షోలో తన పని చేశాడు, వెనక్కి వెళ్ళగానే సస్పెన్షన్ ఉత్తరం చేతిలో పెట్టారు. రానని బెదిరించి డబ్బు గుంజాడని కంపెనీ వాదన. హక్కుగా రావలసిందే అడిగానని వారియర్ వాదన. 2005లో కంపెనీ అతని మీద ఒక డీవీడీ తీసి ఆసాంతం తన వైపు నుంచే చెప్పుకుంది. 2014 ఏప్రిల్‌లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూర్చోబెట్టాక మాట మెత్తబడింది, మూడు రోజులకే అతను చనిపోయాడు. మనిషి ఒక్కడే, గొడవా ఒక్కటే. ఎప్పుడు తీసిన కార్యక్రమం చూస్తున్నామన్నదాన్ని బట్టి వారియర్ దుర్మార్గుడూ అవుతాడు, మహానుభావుడూ అవుతాడు. అందుకే ఈ ఆర్కైవ్‌లో షోలని నమ్ముతాను, షోల గురించి తీసిన డాక్యుమెంటరీలని ఆచితూచి చూస్తాను.

మండే నైట్ వార్ పేరుతో 2014లో వచ్చిన సిరీస్ విషయంలో కూడా నా మాట ఇదే. డబ్ల్యూసీడబ్ల్యూ యజమాని టెడ్ టర్నర్ డబ్బు సంచులతో మనుషుల్ని కొనేశాడన్నట్టు నడుస్తుంది కథ. నిజమే, 1995 సెప్టెంబరు 4న డబ్ల్యూసీడబ్ల్యూ వారపు షో నైట్రో మొదటి భాగంలో లూగర్ హఠాత్తుగా కనిపించాడు. ముందు రోజు వరకు డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కే పనిచేశాడు, చేతిలో కాంట్రాక్టు లేదు. కానీ ఒక పెద్ద స్టార్ కాంట్రాక్టు లేకుండా ఊరూరూ తిరిగి కొట్లాడుతున్నాడంటే తప్పు ఎక్కడుందో అడగాలి కదా! అప్పటికి డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో ఇంత జీతమని గ్యారంటీ ఉండేది కాదు. షోకి జనం ఎంత వస్తే దాన్నిబట్టి, అదీ కంపెనీ లెక్క వేసినట్టే డబ్బు. వాళ్ళు ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. హోటలు, కారు, ఇన్సూరెన్సు సొంత ఖర్చు. స్కాట్ హాల్, కెవిన్ నాష్ 1996లో డబ్ల్యూసీడబ్ల్యూకి వెళ్ళిపోయింది గ్యారంటీ డబ్బు కోసం, తక్కువ పనిరోజుల కోసం. వాళ్ళు వెళ్ళిన ఆ ఏడాదే డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లోనూ గ్యారంటీ కాంట్రాక్టులు మొదలయ్యాయి. అంటే ఆ ఇద్దరూ గడప దాటడం వల్ల మిగిలినవాళ్ళకి మేలు జరిగింది. పైగా 1984 ప్రాంతంలో ఏడబ్ల్యూఏ నుంచి హోగన్‌ని, హీనన్‌ని, వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకున్న జెస్సీ వెంచురాని తెచ్చుకున్నది ఈ కంపెనీయే.

హాల్, నాష్ కథలో నాకు బాగా నచ్చే చోటు ఒకటుంది. 1996 జూన్ 16, డబ్ల్యూసీడబ్ల్యూ గ్రేట్ అమెరికన్ బాష్. మీరు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మనుషులా అని డబ్ల్యూసీడబ్ల్యూ పెద్ద ఎరిక్ బిషాఫ్ వాళ్ళని మైకులో అడుగుతాడు, ఇద్దరూ కాదంటారు. కథకి ఆ ప్రశ్న అడ్డమే, అవతలి కంపెనీ నుంచి వచ్చి దండయాత్ర చేస్తున్నారన్న భ్రమ చెడుతుంది. అయినా అడిగించారు, ఎందుకంటే అవతలివాళ్ళతో కోర్టు గొడవ నెత్తి మీద ఉంది. లాయర్ల మాట స్క్రిప్టులోకి దూరిన ఘట్టం అది.

జెస్సీ వెంచురా విషయంలో ఈ ఆర్కైవ్‌కే సంబంధముంది. 1986లో, రెజిల్‌మేనియా 2కి ముందు, రెజ్లర్లంతా యూనియన్ పెట్టుకుందామని డ్రెస్సింగ్ రూములో మాట్లాడాడు. ఆ మాట విన్స్‌కి చేరిపోయింది. చేరవేసింది ఎవరో కొన్నేళ్ళ తర్వాత వీడియో టేపుల రాయల్టీ మీద వేసిన దావాలో విన్స్ ఇచ్చిన వాంగ్మూలంలో తెలిసిందని వెంచురా చెబుతాడు: హల్క్ హోగన్. ఇక దావా సంగతి. పెద్ద స్టార్లకి తప్ప ఎవరికీ టేపుల మీద రాయల్టీ ఇవ్వబోమని అతని ఏజెంటుకి చెప్పారు, అది నిజం కాదని తేలింది. 1994లో జ్యూరీ వెంచురాకి 8 లక్షల డాలర్ల పైచిలుకు ఇప్పించింది, 1995లో అప్పీలు కోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. ఆ తర్వాత కంపెనీ అమ్మిన చాలా క్యాసెట్లలో వెంచురా గొంతు తీసేసి వేరేవాళ్ళ వ్యాఖ్యానం పెట్టారు. ఇప్పుడు పాత రెజిల్‌మేనియాలు అతని గొంతుతోనే వినొచ్చు. తోటి వ్యాఖ్యాత గొరిల్లా మాన్‌సూన్‌తో అతని వాదులాట లేని రెజిల్‌మేనియా 3 నాకు సగమే. అప్పీలు కోర్టు తీర్పు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, తప్పకుండా చదవండి. క్యాసెట్ల మీద రాయల్టీ ఎంతన్న ఆ ప్రశ్నే స్ట్రీమింగ్ వచ్చాక మళ్ళీ లేచింది. 2016లో పాత డబ్ల్యూసీడబ్ల్యూ రెజ్లర్ బఫ్ బాగ్‌వెల్ నెట్‌వర్క్ రాయల్టీల మీద కోర్టుకి వెళ్ళాడు. మనం నెలనెలా కట్టే డబ్బులో పాత మనుషులకి ఎంత వెళుతుందన్నది ఈ సేవ వాడే ప్రతివాళ్ళకీ సంబంధించిన విషయమే.

చాంపియన్ బ్రెట్ హార్ట్‌ని అతనికి చెప్పకుండానే ఓడించేసిన మోంట్రియల్ మ్యాచ్ గురించి ఎక్కువ చెప్పను, అందరూ చూసిందే. 1996లో డబ్ల్యూసీడబ్ల్యూ పెద్ద మొత్తం ఇస్తానన్నా కాదని బ్రెట్ హార్ట్ 20 ఏళ్ళ కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. ఏడాది తిరక్కుండానే అంత ఇచ్చుకోలేనని విన్స్ చేతులెత్తేశాడు. 1997 నవంబరు 9న జరిగింది దాని పర్యవసానం. చూడదలిస్తే నవంబరు 17 నాటి వారపు షో ‘రా’లో విన్స్ ఇంటర్వ్యూ కూడా కలిపి చూడండి.

దానికంటే ముందు జరిగిన మహిళా చాంపియన్ వెండీ రిక్టర్ ఉదంతానికి అందులో పదో వంతు పేరు కూడా రాలేదు, నాకది అన్యాయంగా తోస్తుంది. 1985 నవంబరు 25, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. డబ్బు విషయంలో రిక్టర్‌కీ కంపెనీకీ అప్పటికే పడటం లేదు. ముసుగు వేసుకుని స్పైడర్ లేడీ పేరుతో రింగులోకి వచ్చింది నిజానికి ఫ్యాబ్యులస్ మూలా. రిక్టర్ భుజం లేపినా రెఫరీ మూడు లెక్కపెట్టేశాడు. ఓడిపోయానని ఆమెకి అర్థం కావడానికి కాసేపు పట్టింది, ఇంకా కొడుతూనే ఉంది, ముసుగు లాగేసింది. ఆ రాత్రి రింగు బట్టలతోనే టాక్సీ ఎక్కి విమానాశ్రయానికి వెళ్ళిపోయింది. మోంట్రియల్‌కి 12 ఏళ్ళ ముందే ఇంత పని జరిగింది. అప్పుడామె తరఫున అడిగే పోటీ కంపెనీ లేదు, కెమెరాతో వెంట తిరిగే డాక్యుమెంటరీ వాళ్ళూ లేరు. 2010లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి పిలిచేదాకా పాతికేళ్ళు పట్టింది.

డబ్ల్యూసీడబ్ల్యూ మనుషులు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మీదికి దండెత్తినట్టు నడిపిన 2001 నాటి ఇన్వేజన్ కథ ఎందుకంత చప్పగా ఉందని అడిగేవాళ్ళకి జవాబు కూడా జీతాల్లోనే ఉంది. ఫ్లేర్, నాష్, గోల్డ్‌బర్గ్, స్టింగ్ లాంటివాళ్ళ గ్యారంటీ కాంట్రాక్టులు డబ్ల్యూసీడబ్ల్యూతోపాటు రాలేదు, డబ్ల్యూసీడబ్ల్యూ పాత యజమాని టైమ్ వార్నర్ దగ్గరే ఉండిపోయాయి. ఇంట్లో కూర్చున్నా డబ్బు వస్తుంటే ఎవరు మాత్రం తగ్గించుకుని వస్తారు? దండెత్తి వచ్చిన సైన్యంలో సేనాపతులే లేరు.

2023 సెప్టెంబరులో గచ్చిబౌలి స్టేడియానికి జాన్ సీనాని చూడటానికి వెళ్ళిన కుర్రాళ్ళకి 1985, 1991 పెద్దగా తెలిసి ఉండకపోవచ్చు. అలాంటివాళ్ళకి నేను చెప్పే వరస ఇది: ముందు వెంచురా తీర్పు చదవండి, తర్వాత 1991 జూలై బాష్ నుంచి 1992 రాయల్ రంబుల్ దాకా రెండు కంపెనీల షోలూ తేదీల ప్రకారం చూడండి, మండే నైట్ వార్ సిరీస్ చివరికి ఉంచుకోండి. వేదిక మారినప్పుడల్లా పాత షోల జాబితా కూడా మారుతుంటుంది, డబ్బు కట్టేముందు మీకు కావలసిన సంవత్సరాలు ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.