పాలకొల్లు కాలవ గట్టు టీ కొట్టు: పెసరట్టూ, పిచ్చర్ల గొడవా

ఈ కొట్టుకి నాలుగేళ్లుగా వెళ్తున్నాను. అల్లం టీ చిక్కగా ఉంటుంది, పెసరట్టు కరకరలాడుతుంది, అల్లం పచ్చట్లో మాత్రం ఈమధ్య బెల్లం ఎక్కువేస్తున్నారు, అది తగ్గించాలి.

నేను వెళ్లేది మాత్రం బేస్‌బాల్ కబుర్ల కోసమే. మా వాళ్ల పిల్లలు చాలామంది డల్లాస్‌లోనే, అందుకే ఇక్కడ అందరిదీ టెక్సాస్ రేంజర్స్ జట్టే. మొన్న మళ్లీ అదే వాదన, ముప్పై దాటిన పిచ్చర్లకి, అంటే బంతి విసిరేవాళ్లకి, ఆఫ్‌సీజన్‌లో (ఆటల్లేని నెలల్లో) అంత డబ్బు పొయ్యాలా అని. 34 ఏళ్ల పిచ్చర్ డిగ్రామ్‌కి అయిదేళ్లకి 18.5 కోట్ల డాలర్లిచ్చారు, 2023లో ఆరు మ్యాచ్‌లకే మోచేయి దెబ్బతింది, అయినా ఆ ఏడు వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) రేంజర్స్‌దే!

"ఆయ్, అంతా అదృష్టమండీ" అన్నాడొక కుర్రాడు. నేనొప్పుకోను. డిగ్రామ్‌ని తీసుకున్న చలికాలంలోనే రెండేళ్లకి 3.4 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకున్న ఇంకో పిచ్చర్ ఎవాల్డీ 2023 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో) 5 గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. అది మంచి ఎంపిక. కాకపోతే ఆ ప్లేఆఫ్స్‌లో జట్టు బయటి మైదానాల్లో ఆడిన 11కి 11 గెలవడంలో అదృష్టం కూడా ఉంది, అదొప్పుకుంటాను.

అక్టోబరులో వరల్డ్ సిరీస్ మనకి పొద్దున్న అయిదున్నరకి మొదలు. బెంచీలు రెండే, అయిదింటికల్లా వెళ్లండి.