పూలకూ నారుకూ మట్టిలో కలిసే సరుకు: తిరుపతిలోని ఒక దుకాణంపై సమీక్ష

పూల అంగళ్లకూ నర్సరీలకూ కావలసిన కుండీలు, సంచులు, దారాలు, చుట్టే కాగితాలు ప్లాస్టిక్ లేకుండా ఒకేచోట దొరకడం తిరుపతిలో ఇప్పటికీ అరుదే. రేణిగుంట వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక దుకాణం కొంతకాలంగా ఈ సరుకు మాత్రమే అమ్ముతామని చెబుతోంది. తిరుచానూరు దగ్గర మేము నడిపే చిన్న నర్సరీకీ, గోవిందరాజస్వామి గుడికి సమీపంలో మా పెద్దమ్మ నడిపే పూల అంగడికీ అక్కడి సరుకును తెచ్చి, ఒక వేసవి ఎండల్లోనూ ఆ తరువాత ఈశాన్య రుతుపవనాల వానల్లోనూ వాడి చూసిన మీదట ఈ అభిప్రాయం రాస్తున్నాను. ఇదే తరహా సరుకు చిత్తూరులోనూ మదనపల్లెలోనూ వేరే వేరే పేర్లతో అమ్ముడవుతోంది గనుక దుకాణం పేరు కంటే సరుకు గుణమే చదివేవారికి ఉపయోగపడుతుంది. మట్టిలో నాటే వస్తువుల విషయంలో ఈ దుకాణాన్ని నమ్మవచ్చు. కొనుగోలుదారుకు చేతికిచ్చి పంపే సంచుల విషయంలో మాత్రం అంత ధీమాగా చెప్పలేను.

అన్నిటిలోకీ మెరుగైనవి కొబ్బరి పీచు కుండీలు. పీచును రబ్బరు పాలతో అతికించి, అచ్చులో నొక్కి వీటిని తయారు చేస్తారు. నల్ల పాలిథీన్ కవరులో పెరిగే మొక్కకు ఒక చిక్కు ఉంది: వేరు గోడను తాకిన తరువాత ముందుకు దారి లేక, కవరు చుట్టూ తిరిగి మెలిక పడుతుంది. నాటిన రెండు మూడేళ్లకు కూడా ఆ మెలిక విడదు. చెట్టు ఏపుగా కనిపిస్తూనే పెద్ద గాలికి పక్కకు ఒరిగిపోతుంది. పీచు గోడలో గాలి ఆడుతుంది గనుక వేరు కొన గోడను దాటి బయటికి వచ్చి, అక్కడ ఎండి ఆగిపోతుంది. దాని వెనుక నుంచి కొత్త పిల్లవేర్లు పుట్టుకొస్తాయి. ఎర్రచందనం, వేప, నేరేడు వంటి తల్లివేరు బలంగా దిగే మొక్కలకు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. కుండీతో సహా గుంటలో పెట్టేయవచ్చు గనుక నాటేటప్పుడు వేళ్ల చుట్టూ ఉన్న మట్టిగడ్డ విడిపోదు, తోటలో చింపి పారేసిన కవర్లు మిగలవు.

పీచులో లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఎక్కువగా ఉండటంవల్ల అది నెమ్మదిగా కుళ్లుతుంది. నర్సరీ వారికి ఇది లోపం కాదు, లాభమే; అమ్ముడయ్యే దాకా కుండీ ఆకారం చెడకుండా నిలబడాలి కదా. అయితే దుకాణంలో చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. గోడల నుంచి నీరు ఆవిరై పోతుంది గనుక మన వేసవిలో ఈ కుండీలకు ఉదయం, సాయంత్రం రెండు పూటలా నీళ్లు పెట్టక తప్పదు. కుండీలను ఒకదానికొకటి ఆనించి పేర్చి, గాలి తగిలే బయటి వరుసకు గోనెపట్టా అడ్డు కడితే కొంత నయం. పీచులో సహజంగా ఉండే ఉప్పు వల్ల లేత మొక్కల ఆకుల కొనలు మాడవచ్చు. మట్టి నింపడానికి ముందు కుండీలను నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని పారబోయడం మంచిది. నాటేటప్పుడు కుండీ అంచు నేల పైకి తేలి ఉండకూడదు. తేలితే వత్తి నూనెను లాగినట్లు అది వేళ్ల దగ్గరి తేమను పైకి లాగి గాలికి వదిలేస్తుంది. అంచును చింపడమో, పూర్తిగా మట్టితో కప్పడమో చేయాలి. ధర పాలిథీన్ కవరుకు ఎన్నో రెట్లు ఉంటుంది గనుక చవక మొక్కలకు గిట్టుబాటు కాదు. పండ్ల మొక్కలకూ కలప మొక్కలకూ అయితే ఆ ఖర్చును ధరలో కలిపి చెప్పినా కొనేవారు అభ్యంతరపెట్టడం లేదు.

పేడ కుండీల విషయంలో నా అభిప్రాయం ఇంత ఖాయంగా లేదు. చామంతి, బంతి, టమాట, మిరప నారుకు ఇవి చక్కగా సరిపోతాయి. కుండీ కరిగే కొద్దీ కొంత పోషకం కూడా అందుతుంది. జనవరి నుంచి మార్చి దాకా, అంటే వాన లేని రోజుల్లో, వీటితో ఏ ఇబ్బందీ రాలేదు. అక్టోబరు, నవంబరు ముసురులో మాత్రం అడుగు మెత్తబడి, ఎత్తబోతే చేతిలో సగమే వస్తుంది. దానికి తోడు మన ఎర్రనేలల్లో చెదల బెడద ఉండనే ఉంది. నేల మీద నేరుగా పెట్టిన పేడ కుండీని చెదలు వదలవు; బండల మీదనో ఇటుకల వరుస మీదనో పెట్టాలి. కాగితపు కుండీలూ అమ్ముతున్నారు కానీ, కాగితం కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు చుట్టుపక్కల మట్టిలోని నత్రజనిని వాడుకోవడంవల్ల నారు ఆకులు పసుపుబారతాయి. పల్చటి ఎరువు నీళ్లు పోస్తే సర్దుకుంటుంది.

అదే అరలో బట్ట కుండీలని చెప్పి అమ్ముతున్న నాన్‌వోవెన్ (నేయకుండా పోగులను అతికించి చేసిన) సంచులపై నాకు గట్టి అభ్యంతరం ఉంది. చూపుకు బట్టలా కనిపించినా అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్. ఎండకు పిగిలి పీలికలవుతుందే తప్ప మట్టిలో కలవదు. 2021 సెప్టెంబరు 30 నుంచి చదరపు మీటరుకు 60 గ్రాములకంటే తక్కువ బరువున్న నాన్‌వోవెన్ చేతిసంచులను వాడకూడదని ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలే చెబుతున్నాయి. ప్లాస్టిక్ లేని దుకాణమని బోర్డు పెట్టుకున్నవారు దీనిని అమ్మకపోవడమే మర్యాద.

ఇక పూల సంచులు. తిరుమల లడ్డూ కౌంటర్ల దగ్గర 2021లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ సహకారంతో మొక్కజొన్న పిండి ఆధారిత సంచుల అమ్మకం మొదలైనప్పటి నుంచి, చేతికి కాస్త మెత్తగా, మసకగా తగిలే ఆ తరహా సంచి తిరుపతి వారికి కొత్తేమీ కాదు. ఈ దుకాణంలోనివీ అదే పోలికలో ఉన్నాయి. పూలకు వీటివల్ల ఒక మేలు, ఒక కీడు కలిసి వస్తాయి. మామూలు పాలిథీన్ కంటే ఇవి నీటి ఆవిరిని ఎక్కువగా బయటికి వదులుతాయి గనుక మల్లెమొగ్గలకు లోపల చెమట పట్టి నల్లబడటం తగ్గుతుంది. అదే కారణంవల్ల మరునాటికి మొగ్గలు వాడి, బరువు తగ్గుతాయి. తెల్లవారుజామున తెచ్చి సాయంత్రంలోగా అమ్మేసే అంగడికి ఇవి చాలు, దూరప్రాంతాలకు పంపే పూలకు చాలవు. సంచులను ఉక్క పోసే గదిలో నెలల తరబడి నిల్వ ఉంచితే వాటి బలమూ తగ్గుతుంది. అట్టడుగున మిగిలిన కట్టలో సంచులు మూరెడు పూలు వేసినా చిరిగాయి.

ఇంతకంటే ముఖ్యమైనది, అవి ఎక్కడ కుళ్లుతాయన్నది. ఇలాంటి కంపోస్టబుల్ (ఎరువుగా కుళ్లే) ప్లాస్టిక్‌కు వర్తించే ఐఎస్ 17088 అనే భారతీయ ప్రమాణం ప్రకారం పరీక్షను సుమారు 58 డిగ్రీల వేడిలో చేస్తారు. ఆ వేడిలో 180 రోజుల్లోగా అందులోని కర్బనంలో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. అంత వేడి పెద్ద కంపోస్టు కేంద్రాల్లో నిలుస్తుంది కానీ, మన పెరటి ఎరువు గుంటలో నిలవదు, మురుగు కాలువలో అసలే ఉండదు. కాబట్టి ఈ సంచిని రోడ్డు మీద పారేసినా ఫరవాలేదని దుకాణంలో కుర్రవాడు చెప్పే మాట సరికాదు. కంపోస్టబుల్ చేతిసంచులు తయారు చేసేవారూ అమ్మేవారూ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం తీసుకోవాలన్న నిబంధన 2016 నుంచీ ఉంది. నాకు అమ్మిన కట్టల మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంది కానీ, తయారీదారు పేరూ ధ్రువపత్రం సంఖ్యా లేవు. అడిగితే యజమాని తెప్పిస్తానన్నారు. తరువాత వచ్చిన కట్టల మీద కూడా అవి కనిపించలేదు.

మా పెద్దమ్మ అభిప్రాయం వేరు. "ఆకులో చుట్టిచ్చే పూలకు ఈ సంచి ఎందుకు నాయనా, అడిగేది కొనేవాళ్లే గానీ పూలు కాదు గదా" అంటారామె. ఆమె అంగట్లో ఇప్పటికీ అరటాకూ టేకాకూ సిద్ధంగా ఉంటాయి. తడిపిన ఆకులో చుట్టిన కనకాంబరాలు ఏ సంచిలోకన్నా బాగా ఉంటాయన్నది నేనూ ఒప్పుకుంటాను.

దారాల్లో ఈ దుకాణం అమ్మే అరటి నార మేలురకం. రైల్వే కోడూరు వైపు అరటి తోటలు దగ్గరే గనుక నార తాజాగా, పొడవుగా వస్తోంది. నీళ్లలో తడిపి కడితే తొడిమ తెగదు. నైలాన్ దారానికి తెగుతుంది. దేవస్థానం వాడిన పూలతో 2021 నుంచి ఏడు రకాల అగరుబత్తీలను తయారు చేయిస్తున్న రోజుల్లో, పూలతో పాటు ప్లాస్టిక్ దారాన్నీ మెరుపు పోగునూ కలిపి కట్టే అలవాటు మానుకోవడం అవసరం. నార అయితే పూలతో పాటే ఎరువులోకి పోతుంది, విడదీసే పని ఉండదు.

పెళ్లి మండపాల అలంకరణకు వాడే ఆకుపచ్చ ఫోమ్ ఇటుకలను కూడా మొక్కల నుంచి చేసిన రకమని పెట్టారు. మామూలు ఫోమ్ ఫినాల్ ఫార్మాల్డిహైడ్ ప్లాస్టిక్. నలిపితే పొడిపొడిగా రాలి, నీటిలో కలుస్తుంది. ఆస్ట్రేలియాలోని ఆర్‌ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు మామూలు ఫోమ్‌నే కాక, మొక్కల నుంచి చేశామనే ఫోమ్‌నూ పరీక్షించి, రెండింటి పొడినీ నీటి జీవులు తింటున్నాయని తేల్చారు. మన అలంకరణ పనివారికి అరటి బోదె ముక్కలో పూలు గుచ్చడం తెలిసిన విద్యే. ముహూర్తం అయ్యేదాకా తడి ఆరదు, ఆ తరువాత పశువులకు వేయవచ్చు. ఈ ఇటుకలను నేను కొనలేదు. గుత్తులకు చుట్టే గోధుమరంగు కాగితాన్ని మాత్రం కొన్నాను. అందులో నున్నటి రకాన్ని రాత్రంతా నీళ్లలో నానబెడితే లోపలి నుంచి పల్చటి ప్లాస్టిక్ పొర ఊడివచ్చింది. గరుకు రకంలో ఏ పొరా లేదు. అడిగి గరుకుదే తీసుకోవాలి.

వ్యవహారంలో యజమాని మంచివారు. బిల్లు సక్రమంగా ఇస్తారు, దారిలో విరిగిన కుండీలకు మారుమాట లేకుండా కొత్తవి ఇస్తారు, చిత్తూరుకు బస్సు పార్శిల్‌లో పంపుతారు. పీచు కుండీలు కావలసినవారు మాత్రం తొలకరికి ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది. వానలు మొదలై మొక్కలు నాటే పని ఊపందుకున్నాక అడిగితే చిన్న సైజులే మిగులుతాయి.