నాన్న బుల్లెట్‌కి టేపర్ బేరింగులు, కొత్త వైరింగు: మూడు వానాకాలాల తర్వాత

నాన్న 1996లో కొన్న బుల్లెట్ 350ని నాచారంలో మా ఇంటి పోర్టికోలోనే విప్పి వైరింగు, హ్యాండిల్ బేరింగులు రెండూ నేనే మార్చుకున్నాను. ఇప్పటికి మూడు వానాకాలాలు గడిచాయి, 14,000 కిలోమీటర్లు తిరిగింది. ఈ బండి మీద నాకు ఇంత నమ్మకం కుదరడానికి కారణం ఖరీదు పెట్టి కొన్న బేరింగులు కాదు. నలభై రూపాయల నల్ల వైరు ముక్క. ఈ సమీక్ష రాస్తున్నదే దాని కోసం.

బేరింగుల సంగతి ముందు చెప్పేస్తాను. పాతవి విప్పితే పైన 19, కింద 19 పావు అంగుళం బాల్స్ బయటపడ్డాయి. బాల్స్ తిరిగే కింది ఇనుప కప్పును గుడ్డతో తుడిచి వేలు పెట్టి తడిమితే వరసగా గుంటలు తగిలాయి, గుంత పొంగనాల పెనంలా. బండి ఎప్పుడూ తిన్నగానే పోతుంది కదా, రోడ్డు గుంతల దెబ్బలన్నీ బాల్స్ ఒకే చోట ఉండి తింటాయి. అందుకే హ్యాండిల్ మధ్యకి రాగానే టక్కుమని పట్టేసేది. రాణిగంజ్ వెళ్లి టేపర్ రోలర్ సెట్, అంటే బాల్స్ బదులు ఒక కొసకి సన్నబడే రోలర్లుండే బేరింగులు, తెచ్చాను. కప్పులను రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాను. చలికి కాస్త ముడుచుకుని, చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో తడితే తిన్నగా దిగాయి.

కొత్తలో హ్యాండిల్ వెన్నలా తిరుగుతోందని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. ఇప్పటికీ బాగానే తిరుగుతోంది. కానీ 500 కిలోమీటర్లకే మళ్లీ బిగించాల్సి వచ్చింది. ముందు బ్రేక్ నొక్కితే కటకటలాడింది. బిగించినప్పుడు కొంచెం ఎక్కువైతే ట్రాఫిక్‌లో నెమ్మదిగా పోయేటప్పుడు బండి తిన్నగా నిలవలేదు, అటూ ఇటూ ఊగింది. నట్టును చుట్టులో ఎనిమిదో వంతు వదిలాక కుదురుకుంది. నేను వెళ్లే యాభై, అరవై స్పీడుకి కొత్త బాల్స్, కొత్త కప్పులు వేసినా సరిపోయేదని ఇప్పుడు అనిపిస్తోంది.

అసలు కథ మొదటి వానాకాలంలో జరిగింది. రాత్రి తొమ్మిది దాటింది, జోరు వాన. తార్నాక నుంచి వస్తూ హబ్సిగూడ దగ్గర నాచారం వైపు హ్యాండిల్ తిప్పానో లేదో, హెడ్‌లైట్ కొడిగట్టిన దీపంలా అయిపోయింది. హారన్ కొడితే గొంతు పట్టేసినట్టు గురగురమంది. హ్యాండిల్ తిన్నగా చేస్తే మళ్లీ వెలుగు. వెనక లారీ, ముందు నీళ్ల కింద కనిపించని గుంత. ఇంటికి చేరేదాకా గుండె చేతిలో పట్టుకున్నట్టే ఉంది.

హ్యాండిల్ తిప్పితే వస్తున్న జబ్బు కాబట్టి హ్యాండిల్, ఫ్రేము కలిసే మెడ దగ్గర వైరు తెగిందనుకున్నాను. విప్పి చూస్తే అన్నీ బాగున్నాయి. బల్బు మార్చాను, స్విచ్ మార్చాను, ఏసీ కరెంటును డీసీ చేసే రెక్టిఫైయర్ కూడా మార్చాను. ఒక మెకానిక్ కాయిల్ పోయిందన్నాడు, 2,500 అవుతుందన్నాడు. ఇచ్చేద్దామనుకుంటుండగా మౌలాలిలో ఒక పెద్దాయన, ఆటోలకు వైరింగు చేసే ఆయన, బండి వంక చూసి ఒక్కటే అడిగాడు: "తమ్మీ, లైటుకు ఎర్త్ యాడికెళ్లి వస్తుంది?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి చూస్తే హెడ్‌లైట్ కేసింగుకి విడిగా ఎర్త్ వైరే, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే వైరే, లేదు. బల్బు నుంచి కరెంటు కేసింగుకి, అక్కడి నుంచి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకి, ఫోర్కు నుంచి హ్యాండిల్ బేరింగుల గుండా ఫ్రేముకి పోయి బ్యాటరీ నెగెటివ్ చేరాలి. నేనేమో ఆ బేరింగుల నిండా గ్రీజు దట్టించాను. ఫ్రేముకి పౌడర్ కోటింగ్, అంటే పొడిని వేడితో కరిగించి అంటించే రంగు, వేయించాను. ఆ కోటింగ్ తళతళలు ఎంత పొగిడానో! అదీ, గ్రీజూ కలిసి కరెంటు దారి మూసేశాయి. హ్యాండిల్ తిరిగినప్పుడల్లా రోలర్లు ఎక్కడ ఇనుముకి తగిలితే అక్కడే దారి, లేకపోతే లేదు.

లైట్ వేసి, వోల్టులు కొలిచే మీటర్ ఒక కాలు కేసింగుకి, ఇంకో కాలు బ్యాటరీ నెగెటివ్‌కి పెట్టాను. దాదాపు సున్నా చూపించాల్సిన చోట 1.8 వోల్టులు. హ్యాండిల్ పక్కకి తిప్పితే మూడు దాటింది. అంటే 12 వోల్టుల్లో పావు వంతు దారిలోనే పోతోంది. ఫిలమెంట్ బల్బుకి వోల్టేజీ పావు తగ్గితే వెలుగు సగానికి పైగా పడిపోతుంది.

మొదట చెప్పిన ఆ నల్ల వైరు, 2.5 స్క్వేర్ ఎంఎంది, తీసుకుని రెండు చివరలా రింగులు క్రింప్ చేశాను. ఒకటి కేసింగు లోపల రంగు గీకి బోల్టు కింద, ఇంకొకటి నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కి. మీటర్ 0.1కి దిగింది. ఆ రాత్రి లైట్ వేస్తే ఎదురింటి గేటు మీద నంబరు చదవగలిగాను. నాన్న కుర్చీలోంచి లేచి వచ్చి, "కొన్న కొత్తలో కూడా ఇంత వెలుగు లేదురా" అన్నాడు. ఆయన ఆ మాట అన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ కొత్త బండీ ఇవ్వదు.

ఎవరైనా అడిగితే మాత్రం ఆలోచించే చెబుతాను. నాకు నీడపట్టున పోర్టికో ఉంది, రెండు ఆదివారాలు ఖాళీ దొరికాయి, రోజూ ఇరవై అయిదు కిలోమీటర్లకు మించి తిరగను. హైవే మీద దూరాలు వెళ్లేవాళ్లకి టేపర్ సెట్ విలువ నాకంటే బాగా తెలియవచ్చు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఫోర్కు విప్పి పెట్టుకోవడం అయ్యే పని కాదు. ఎర్త్ వైరు వేసుకోవడానికి మాత్రం అరగంట, ఒక స్పానర్ చాలు.

ఆ వైరులోనూ ఒక లోపం బయటపడింది. మెడ దగ్గర వదులు సరిపడా ఉంచలేదు. హ్యాండిల్ తిరిగి తిరిగి అక్కడ పైతొడుగు నలిగి, లోపల రాగి పోగులు రెండు తెగాయి. గుజరాతీ గల్లీ నుంచి సన్న పోగుల మెత్తటి వైరు తెచ్చి పెట్టుకున్నాను. వానలు మొదలయ్యేలోపు మార్చాలి.