బియర్డెడ్ డ్రాగన్ స్టార్టర్ కిట్: గాజు ట్యాంకు మంచిదే, లైటు మాత్రం మార్చాల్సిందే

ముందే చెప్పేస్తాను, ఈ కిట్‌కి ఐదులో రెండు స్టార్లే ఇస్తున్నాను, అవి కూడా గాజు ట్యాంకుకీ, వేడి బల్బు పెట్టే హోల్డర్‌కీ. మిగతా సామానులో చాలావరకు బియర్డెడ్ డ్రాగన్ (ఇంట్లో పెంచుకునే ఒక రకం బల్లి) పిల్లకి పనికిరాదు, కొన్నయితే నేరుగా హాని చేస్తాయి. పెట్టె మీద "మొదటిసారి పెంచేవాళ్ళకి కావలసినవన్నీ ఇందులోనే" అని పెద్ద అక్షరాలతో రాశారు. అరచేతిలో పట్టేంత పిల్లను కొత్తగా తెచ్చుకునేవాళ్ళు ఆ మాట నమ్మి, అన్నీ ఉన్నవి ఉన్నట్టు బిగించేస్తారన్న భయంతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మంచి సంగతులతో మొదలుపెడతా. ట్యాంకు 90 సెంటీమీటర్ల పొడవు, గాజు మందంగా ఉంది, తలుపులు ముందు వైపు పక్కకు జరుగుతాయి. ఇది చిన్న విషయం కాదు, పైనుంచి చెయ్యి దిగితే వీటికి గద్ద వాలినట్టే ఉంటుంది, భయపడి మూలకి పరిగెడతాయి. ముందు నుంచి మెల్లగా చెయ్యి పెడితే కొన్నాళ్ళకి వాటంతట అవే ఎక్కి కూర్చుంటాయి. పైకప్పుకి జాలీ ఉంది కాబట్టి గాలి ఆడుతుంది, లోపల తేమ పేరుకోదు. అయితే "జీవితాంతం సరిపోతుంది" అని రాసిన మాట తప్పు. గుడ్డులోంచి వచ్చినప్పుడు 10 సెంటీమీటర్లు ఉండే ఈ జీవి ఏడాది, ఏడాదిన్నరలో తోకతో కలిపి 45 నుంచి 60 సెంటీమీటర్లకి ఎదుగుతుంది, అప్పటికి కనీసం 120 పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉన్న ఇల్లు కావాలి. పిల్లగా ఉన్నన్నాళ్ళూ దీనికి ఇబ్బంది లేదు.

ఇక అసలు సమస్య, లైటు. కిట్‌లో ఇచ్చిన యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) బల్బు మెలికలు తిరిగిన చిన్న కాయిల్ రకం, 5 శాతం యూవీబీ అని రాసి ఉంది. బియర్డెడ్ డ్రాగన్లది ఆస్ట్రేలియా లోపలి పొడి ప్రాంతం, అక్కడ కంచె గుంజలూ రాళ్ళూ ఎక్కి ఎండకు ఒళ్ళు కాచుకుంటూ బతికే జీవులివి. ఎండలోని యూవీబీ చర్మానికి తగిలితే ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది, అది ఉంటేనే తిన్న తిండిలోని కాల్షియం ఒంటికి పడుతుంది. పిల్లకి ఎముకలు రోజురోజుకీ పెరుగుతుంటాయి కాబట్టి ఈ లోటు పెద్దవాటికంటే చాలా త్వరగా బయటపడుతుంది: దవడ మెత్తబడుతుంది, కాళ్ళ వేళ్ళు అదురుతాయి, తోక, వెన్ను వంకర తిరుగుతాయి. వైద్యంతో జబ్బు ఆగినా, వచ్చిన వంకర మాత్రం సాధారణంగా అలాగే ఉండిపోతుంది. కాయిల్ బల్బు ఇచ్చే యూవీబీ దాని కింద కొంచెం మేర వరకే, దూరం పెరిగేకొద్దీ గబగబా తగ్గిపోతుంది. పైగా ఈ కిట్‌లో దాన్ని జాలీ పైన పెట్టమన్నారు, ఆ జాలీయే మూడో వంతుకి పైగా ఆపేస్తుంది. యూవీ ఎంత బలంగా ఉందో చూపే యూవీ ఇండెక్స్ మీటరు పెట్టి నేను చూస్తే, వేడి బల్బు కింద పిల్ల కూర్చునే రాయి దగ్గర 1 కూడా రాలేదు, అక్కడ 3కి పైగానే ఉండాలి. కంపెనీకి రాస్తే పిల్లలకి ఇది చాలు అని జవాబిచ్చారు. చాలదు.

దాని బదులు టీ5 హెచ్‌ఓ (సన్నగా ఉండి ఎక్కువ బలంగా వెలిగే రకం) యూవీబీ ట్యూబులైటు, 10 లేదా 12 శాతంది, రిఫ్లెక్టర్‌తో సహా కొనండి, ట్యాంకు పొడవులో సగానికి తగ్గకుండా ఉండాలి. రాయికీ ట్యూబుకీ మధ్య ఎంత దూరం ఉండాలో తయారీదారు పట్టిక ఇస్తారు, జాలీ ఉంటే ఒక లెక్క, లేకపోతే ఒక లెక్క, అది చూసుకుని బిగించండి. రోజుకి 12 నుంచి 14 గంటలు వెలగాలి. వెలుతురు బాగానే కనిపిస్తున్నా యూవీబీ మెల్లమెల్లగా తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికోసారి ట్యూబు మార్చాలి. కిటికీ పక్కన పెట్టాం, ఎండ పడుతోంది కదా అని ఊరుకోవద్దు, మామూలు గాజు యూవీబీని లోపలికి రానివ్వదు, పైగా ట్యాంకు వేడెక్కిపోతుంది.

వేడి విషయానికొస్తే హోల్డర్ పింగాణీది, గట్టిగా ఉంది, తెల్ల వేడి బల్బు కూడా పర్వాలేదు. గాజుకి అంటించే ముల్లు థర్మామీటరు మాత్రం పారేయండి. అది కొలిచేది గాజు వేడిని. ముల్లు 32 దగ్గరుంటే, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రాయి మీద చూసినప్పుడు 49 డిగ్రీలు వచ్చింది! పిల్లకి కావలసింది రాయి మీద 40 నుంచి 43, అవతలి చివర 25 నుంచి 28. వేడెక్కాక చల్లటి వైపుకి వెళ్ళే వీలుండాలి, వీటికి ఒంటి వేడిని సర్దుకోవడానికి ఉన్న దారి అదే. బల్బుకి వేడి తగ్గించి పెంచుకునే డిమ్మర్ ఒకటి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. ఎండ కాగుతూ నోరు తెరుచుకుని కూర్చుంటే కంగారుపడక్కర్లేదు, కానీ రోజంతా చల్లటి మూలనే ఉండి రాయి వైపే రాకపోతే ఒకసారి వేడి కొలవండి.

కిట్‌లో వేడెక్కే ఎలక్ట్రిక్ రాయి కూడా ఒకటుంది, దాన్ని ప్లగ్ చేయకండి. పైనుంచి వచ్చే వేడిని వెతుక్కునే ఈ జీవులకి పొట్ట కింద కాలుతున్నా సమయానికి తెలియదు, అలాగే పడుకుని పొట్ట కాల్చుకుంటాయి. రాత్రికని ఇచ్చిన ఎర్ర బల్బూ వద్దు, ఆ వెలుగు వాటికి కనబడుతుంది, నిద్ర చెడుతుంది. గది 18 డిగ్రీలకంటే చల్లబడకపోతే రాత్రి చీకటిగా వదిలేయడమే మంచిది.

కాల్షియం ఇసుక సంచీ కూడా పక్కన పెట్టేయండి. పిల్లలు పురుగు మీదకి దూకినప్పుడు నోట్లోకి ఇసుక కూడా వెళ్తుంది, కాల్షియం రుచికి కొన్ని కావాలనే నాకుతాయి, అది పేగులో గట్టిపడి అడ్డుపడే ప్రమాదం ఉంది. టిష్యూ పేపరు పరిస్తే చాలు, రెట్ట ఎలా ఉందో రోజూ కనబడుతుంది, తీసి మార్చడం కూడా తేలిక.

తిండి గురించి లోపల ఒక చిన్న కాగితం, నమూనాకి కాసిని పెల్లెట్లు (గుళికల్లాంటి ఎండు మేత) ఉన్నాయి. రోజుకొకసారి పెల్లెట్లు, కాసిని ఆకులు అట. పిల్లకి అది ఏ మూలకీ చాలదు. ఈ వయసులో తిండిలో ముప్పాతిక వంతు బతికున్న పురుగులే ఉండాలి, రోజుకి రెండు మూడు సార్లు, ప్రతిసారీ పది పదిహేను నిమిషాల్లో ఎన్ని తింటే అన్ని. పురుగు సైజు దాని రెండు కళ్ళ మధ్య దూరాన్ని మించకూడదు. చిన్న కీచురాళ్ళు, చిన్న డూబియా బొద్దింకలు, బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాలు (పిల్ల పురుగులు) మంచివి, ఈ లార్వాల్లో కాల్షియం సహజంగానే ఎక్కువ. మీల్‌వార్మ్‌ల (ఒక రకం పెంకు పురుగు లార్వాలు) పై పెంకు గట్టిది, పిల్లకి అరగదు, కాస్త పెద్దయ్యాక చూసుకోవచ్చు. మిణుగురు పురుగులు మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, ఒక్కటి తిన్నా చచ్చిపోవచ్చు.

పురుగులకి మనం ఏం పెడితే అదే పిల్ల కడుపులోకి వెళ్తుంది, అందుకని ఒక రోజు ముందు నుంచి వాటికి మంచి ఆకులు, క్యారెట్ పెట్టండి. కీచురాళ్ళలో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ, కాబట్టి కవర్లో వేసి కాల్షియం పొడితో ఒక్కసారి కుదిపి వదలాలి. కిట్‌లో ఇచ్చిన పొట్లంలో ఫాస్ఫరస్ కూడా కలిపారు, అది లేని పొడి విడిగా కొనుక్కోండి. మల్టీవిటమిన్ వారానికి ఒకటి రెండు సార్లు చాలు. పిల్ల వేట చూసి తీరాలి: కదలకుండా నిలబడి, తల పక్కకి వంచి ఒక కంటితో పురుగుని చూస్తుంది, తోక చివర వంకీ తిరుగుతుంది, అంతే, మరుక్షణం కీచురాయి కాలొక్కటే నోటి బయట ఆడుతుంటుంది. మిగిలిన కీచురాళ్ళని రాత్రిలోపు ఏరేయండి, నిద్రపోతున్న పిల్లని కొరుకుతాయి.

ఆవాకులు, గుమ్మడి తురుము లాంటివి సన్నగా తరిగి రోజూ పొద్దున్నే పెట్టండి. మొదట్లో వాటి వైపు చూడదు, అయినా పెడుతూనే ఉండాలి, పెద్దయ్యాక అదే ముఖ్యమైన తిండి. పాలకూర తరచూ వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియంని పట్టేసుకుంటాయి. అవకాడో అసలు వద్దు. నీళ్ళ గిన్నె చాలామటుకు పట్టించుకోదు, ముక్కు మీద ఒక్కో చుక్కా వేస్తే నాకి తాగుతుంది.

పెట్టె మీద బొమ్మలో రెండు పిల్లలు ఒకదానిపై ఒకటి కూర్చుని ఉన్నాయి, "ఇద్దరికి సరిపోతుంది" అని కింద రాశారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ పైన కూర్చున్నది కింద దానికి వేడీ వెలుతురూ అందకుండా చేస్తోంది. కలిపి పెంచితే బలమైనది తిండంతా తినేస్తుంది, రెండోదాని వేళ్ళూ తోకా కొరుకుతుంది. దయచేసి ఒక ట్యాంకులో ఒక్కదాన్నే ఉంచండి.

ట్యాంకు, హోల్డర్ విడిగా దొరికితే అవే కొనండి, లేకపోతే ఈ కిట్ కొన్నా ట్యూబులైటుకీ, సరైన థర్మామీటరుకీ, మంచి కాల్షియం పొడికీ అయ్యే ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. సరీసృపాలు చూసే పశువైద్యుడు ఎక్కడున్నారో కూడా ఇప్పుడే తెలుసుకుని, పిల్ల వచ్చిన మొదటి వారాల్లోనే రెట్ట పరీక్ష చేయించండి, కోక్సీడియా లాంటి పరాన్నజీవులు పిల్లల్లో మామూలే. అన్నీ బిగించాక ఖాళీ ట్యాంకులో ఒకటి రెండు రోజులు లైట్లు వేసి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వేడి కొలిచి చూడండి, అంకెలు నిలకడగా వచ్చాకే పిల్లని ఇంటికి తెచ్చుకోండి.